కుండీలో పోయిన దీర్ఘం

మా బాల్కనీ పడమటి వైపు ఉంటుంది. కొత్తగూడ కూడలికి దగ్గర్లో, పదకొండో అంతస్తు. ఓ పక్కగా అద్దాల ఆఫీసు ఒకటుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక అసలు సూర్యుడు ఒక పక్కనుంచి, అద్దంలో సూర్యుడు ఇంకో పక్కనుంచి మా కుండీల మీద పడతారు. ఆ దెబ్బకు టమాటాలు వాడిపోయాయి, వంగ మొక్క మొగ్గలోనే చేతులెత్తేసింది, కొత్తిమీర మొలిచిందన్న సంగతి అది మాడిపోయాక తెలిసింది.

సరంజామాకు మాత్రం లోటు లేదు. కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు, వేపపిండి, మట్టిలో గుచ్చితే తేమ ఎంతో చెప్పే మీటరు, ఎండ ఎంతో చెప్పే ఇంకో మీటరు. ఎండ ఎంతో మా గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడితే చాలు, తెలిసిపోతుంది. అయినా కొన్నాను. ఆఫీసులో నాది టెస్టింగ్ పని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. సాయంత్రానికి వందల తప్పులు పట్టి ఇంటికొస్తాను, అందులో ఒక్కటీ కూర వండుకోవడానికి పనికిరాదు. నా చేత్తో పండినది ఒక్కటైనా నోట్లో పెట్టుకోవాలని నాకు నిజంగా ఆశగా ఉండేది.

వేసవిలో మా అత్తగారు మదనపల్లె నుంచి వచ్చి ఆ కుండీలన్నీ చూశారు. చూసి, "ఫోటోలకు తప్ప ఇవి దేనికీ పనికిరావు మా. ఇవన్నీ తీసేసి తాడు కడితే గుడ్డలన్నా ఆరతాయి," అన్నారు. మా ఆయన వెంటనే అందుకున్నాడు. పడగ్గదిలో నా చీరలు ఆరేసుకోవడానికి ఉపయోగపడుతున్న ట్రెడ్‌మిల్‌ను బాల్కనీలోకి మార్చాలని ఆయన చిరకాల వాంఛ. తల్లీకొడుకులు ఒక్కటయ్యేసరికి నాకు ఒళ్లు మండింది.

"అత్తయ్యగారూ, చలికాలం మీరొచ్చేసరికి ఈ బాల్కనీలోంచే ఆనపకాయ కోసి వండిపెడతానండి. పెట్టలేకపోతే కుండీలు తీసేస్తాను," అనేశాను.

ఆవిడ చప్పున నా వైపు తిరిగారు. "అనపకాయా?"

"అవునండి, ఆనపకాయే."

"సరే అయితే. గింజలు నేను పంపిస్తా," అన్నారు.

వానలు మొదలయ్యేసరికి బస్సు పార్సిల్లో పొట్లం వచ్చింది. లేతపసుపు రంగులో నున్నటి గింజలు. మా కాకినాడలో ఆనపకాయ అంటే ఏమిటో పసిపిల్లకైనా తెలుసు. సొరకాయ అన్నా అదే. అయితే లేతకాయ కోసి పులుసులో వేయడం తప్ప దాని విత్తనం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. "దేశవాళీ విత్తనం, నేరుగా మదనపల్లె నుంచి," అని మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. అది ఆనప గింజ కాదని ఒక్కరూ అనలేదు. ఆ గ్రూపులో మేమంతా సాఫ్ట్‌వేర్ వాళ్లమే.

రెండు పెద్ద కుండీల్లో గింజలు వేశాను. వారం తిరక్కుండానే మొలిచాయి. తీగ గ్రిల్లంతా పాకింది. ఆకులు మూడేసి చొప్పున వచ్చాయి. ఆనపాకు ఇంత చిన్నగా ఉంటుందా అని గ్రూపులో అడిగితే తలో వైద్యం చెప్పారు. ఒకరు పుల్లమజ్జిగ కొట్టమన్నారు, ఇంకొకరు నత్రజని తక్కువైందన్నారు, మరొకరు ఎక్కువైందన్నారు. నేను అన్నీ వేశాను. ఎదురింటి పెద్దావిడ మాత్రం ఒకరోజు లిఫ్ట్ కోసం వచ్చి మా తలుపులోంచి తొంగి చూసి ఆగిపోయింది, అదేం తీగని అడిగింది. సొరతీగ అన్నాను. ఆవిడ హఫీజ్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి.

"ఏంది బిడ్డా, గిది సోరతీగ అంటున్నవా? సోరాకు గింత వెడల్పుంటది. గిది చిక్కుడు లెక్కుంది. జర మంచిగ చూస్కో."

"లేదండి, ఇది మదనపల్లె రకం," అన్నాను, విత్తన శాస్త్రవేత్తలాగా. ఆవిడ నావైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

తరవాత పూలొచ్చాయి. ఆనప పువ్వుల్లో మగవి, ఆడవి వేరువేరుగా ఉంటాయని, పదకొండో అంతస్తుకు తేనెటీగలు రావు కాబట్టి మనమే కుంచెతో పుప్పొడి అంటించాలని వీడియోలో చూశాను. రోజూ సాయంత్రం మీటింగులో కెమెరా ఆపేసి, కుంచె పుచ్చుకుని ఆడపువ్వు కోసం వెతికేదాన్ని. ఎంత వెతికినా అన్నీ ఒకలాంటి ఊదారంగు పువ్వులే. ఏది మగో ఏది ఆడో తేలక అన్నింటికీ అంటించాను. ఆ అద్దాల ఆఫీసులో కాఫీ తాగేవాళ్లు నన్ను చూసి ఏమనుకున్నారో మరి.

చలి మొదలయ్యాక పువ్వులన్నీ కాయలయ్యాయి. పొట్టిగా, పల్చగా, గుత్తులు గుత్తులుగా. ఒక్కటీ ఆనపకాయలా లేదు. మా ఆయన ట్రెడ్‌మిల్‌కు కొలతలు తీసుకుందామని టేపుతో బాల్కనీలోకి వచ్చి, ఒక కాయ తుంచి వాసన చూశాడు.

"ఇవి మా ఊరి అనపకాయలు కదా!" అని అరిచాడు.

అప్పుడు తెలిసింది. మేం 'ఆ' అని సాగదీసి అంటే సొరకాయ. వాళ్లు 'అ' అని పొట్టిగా అంటే చిక్కుడు లాంటి ఈ కాయ. పెళ్లయి ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఆ దీర్ఘం ఎవరికీ అవసరపడలేదు. ఇన్ని నెలలు కళ్లెదుట పెరిగిన తీగను గుర్తుపట్టలేదేమని మా ఆయన్ను నిలదీశాను. "నేను ఆకులు తిన్నానా, కాయలు తిన్నాను గానీ," అన్నాడు. తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని నేనే పట్టలేకపోయాను, ఇక ఆయన్నేమంటాను!

మర్నాడే అత్తగారి రాక. ఆవిడ ముందు తల దించుకోవడం నా వల్ల కాదనిపించింది. కిందికెళ్లి కూరల బండి మీద నిగనిగలాడే ఆనపకాయ ఒకటి కొన్నాను. పైకి తెచ్చి, ఆకుల చాటున, ఆకుపచ్చ దారంతో తీగకు కట్టాను. అది ఆ పొట్టి కాయల నడుమ, పిల్లల బడిలో కూచున్న పెద్దాయనలా వేలాడింది.

అత్తగారు వస్తూనే బాల్కనీలోకి నడిచారు. తీగ చూశారు, గుత్తులు చూశారు, నా ఆనపకాయ దగ్గర ఆగారు. కళ్లజోడు సర్దుకుని దారాన్ని వేలితో మీటారు.

"అనప తీగకు సొరకాయ కాసిందే! ఎంత విడ్డూరం మా."

మా ఆయన నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తాడు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. "నేనన్నది సొరకాయండి. మీరు పంపినవి ఇవి. మా వైపు ఆనపకాయంటే అదే," అన్నాను.

"నాకు తెలుసు," అన్నారావిడ.

"తెలుసా?"

"మీ పెండ్లైన కొత్తలో మీ అమ్మ ఆనపకాయ పులుసని వడ్డిస్తే మా అనపకాయేమో అని ఆశగా కలుపుకుంటి. చూస్తే నాకు పడని సొరకాయ. అట్లాంటిది మరుస్తానా?"

"మరి ఎందుకండి ఇవి పంపారు?"

ఆవిడ నా వైపు చూడలేదు. కాయలు కోసి కొంగులో వేసుకుంటూ చెప్పారు. "ఇక్కడికొచ్చినప్పుడల్లా నీ కూరలే తింటాను. బాగనే ఉంటాయి. చలికాలం వస్తే మాత్రం నాకు ఈ గింజల పితికిపప్పు మీదికే మనసు పోతాది. కోడలి ఇంట్లో నాకిది కావాలని ఎట్ల అడిగేది? నీ నోటి నుంచే అనపకాయ అనే మాట వచ్చె. ఇదే సందని పంపిస్తి."

నేను ఒకరికి బుద్ధి చెప్పాలని వేసిన తీగ అది. దాని కింద ఆవిడ నిలబడి, అడగడానికి ఇన్నేళ్లు మొహమాటపడ్డ కూరను గుత్తులుగా కోసుకుంటున్నారు. కుంచె పట్టుకుని నేను కాసిన కాపలా అంతా ఆవిడ కోసమే అయింది.

ఆ మధ్యాహ్నం గింజలు ఒలిచి నీళ్లలో వేశాం. నానిన గింజను రెండు వేళ్ల మధ్య పితికితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్లకు మిగులుతుంది. ఆవిడవి గిన్నెలో పడ్డాయి. నావి సోఫా కిందికి పోయాయి. ట్రెడ్‌మిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కూర పొయ్యి మీద ఉడుకుతుంటే, దారం విప్పిన కాయను తెచ్చి ఆవిడ నా ముందు పెట్టారు.

"దీన్ని మీ అమ్మ చేసినట్ల చెయ్యి," అన్నారు.

"మీకు సొరకాయ పడదు కదండీ?"

"సొరకాయ పడదు. ఆనపకాయ చెయ్యి, తింటా," అన్నారు, దీర్ఘం బాగా సాగదీసి.