అవ్వ ఏడ్చిన శవం

శెనక్కాయ చేలో కాకి వచ్చి నాయన తలమీద తన్నిపోయింది. మా వైపు అది చావుకు గుర్తు. విరుగుడు ఒక్కటే. మనిషి బతికుండగానే పోయాడని కబురు పంపి, అయినవాళ్ల చేత ఏడిపించాలి. ఆ ఏడుపుతో గండం గడుస్తుందంటారు.

నాయన ఒప్పుకుంటేనా! "ఫోన్లుండే కాలంలో ఏం దొంగ కబురు పంపిస్తావు? గమ్మునుండుమ్మా" అని నవ్వేశాడు. ఆయన తల్లి, మా అవ్వ, అన్నం మానేసింది.

ఆ వారమే పెనుకొండ కొండ కింద సినిమా షూటింగ్ దిగింది. రాజుల కాలం కథ, గుడి కోసం రెండు సైన్యాల యుద్ధం. శవాలుగా పడుకోవడానికి మగవాళ్లు, వాళ్లమీద పడి ఏడవడానికి ఆడవాళ్లు కావాలన్నారు. "దేవుడే పంపినాడు. నువ్వు శవమై పండుకోరా, నేను ఏడుస్తా" అంది అవ్వ. ఆమె పోరు పడలేక నాయన సరేనన్నాడు. నేనూ వెంట వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో బయలంతా శవాలు. అందరికీ ఒకే గడ్డం, ఒకే ఇనుప టోపీ, ముఖాల నిండా ఎర్రరంగు. పొగ వదిలారు. యాక్షన్ అని కేక వినబడగానే అవ్వ పరుగెత్తి ఒక శవం మీద పడింది. "నాకంటే ముందు పోతివా కొడకా" అని రొమ్ము బాదుకుంటూ, నాయన నడక నేర్చినప్పటి నుంచీ చెప్పి చెప్పి ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. అదేం నటన! నిజంగా ఎవరో పోయినట్టే ఉంది. కదలకూడని ఆ శవం మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

అప్పుడు ఆ శవం కుడిచెయ్యి చూశాను. నాయన కుడి చూపుడువేలు ఎప్పుడో గడ్డి కోసే మిషన్లో సగం తెగిపోయింది. ఈ చేతికి ఐదు వేళ్లూ నిండుగా ఉన్నాయి.

కట్ అన్నారు. తక్కిన శవాలన్నీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. అవ్వ మనసు తేలికై మజ్జిగ కోసం పోయింది. ఆ మనిషి మాత్రం లేవలేక నా వైపు చూశాడు. "మాయమ్మ ముదిగుబ్బలో బతికే ఉండాది. ఆ ముసలమ్మ నన్నెందుకట్లా ఏడ్చింది పాపా?" అన్నాడు.

తిరుగు బస్సులో అవ్వ హాయిగా నిద్రపోయింది. నాయన నా వైపు వంగి, "నేను గుండురాయి పక్కన పండుకోనుంటి పాపా. చానాసేపు సూసినా. నా మీద ఎవురూ పడి ఏడ్వలా" అన్నాడు. అవ్వ మాటకు నవ్వేసిన మనిషి ఇప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడు భయమైతాందా?"

"నువ్వన్నా ఒకసారి ఏడువు."

"కళ్లెదురుగా ఉండే మనిషిని సూస్తా ఎట్లా ఏడ్చేది నాయనా?"

నాయన సీటుకు తల వాల్చాడు. కళ్లు మూసుకుని, చేతులు రొమ్ముమీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టాడు. చెవుల దగ్గర ఇంకా ఎర్రరంగు ఉంది. ఆ ముఖం చూసి తట్టుకోలేకపోయాను. "నాయనా" అని గొంతెత్తి ఏడ్చేశాను. బస్సంతా మా వైపు తిరిగింది.

"సాలు" అన్నాడు నాయన, కళ్లు తెరవకుండానే.