నాన్న వల బావ చేతిలో

మా నాన్న ఆస్తిలో నేను కన్నేసింది ఒక్కదాని మీదే: ఆయన విసురు వల. ఇల్లు కారేది, పొలం చౌడు. వల మాత్రం ఒక వానాకాలమంతా అరుగు మీద కూర్చుని తన చేత్తో అల్లుకున్నది. అంచు చుట్టూ సీసపు గుళ్ళు, నడినెత్తిన తాడు. ఉప్పుటేటి గట్టు మీద నిలబడి విసిరితే గాల్లో అప్పడంలా విచ్చుకుని నీళ్ళ మీద పడేది. గుళ్ళు అడుక్కి దిగాక తాడు మెల్లగా లాగేవాడు. లోపల రొయ్యలు టపటపా కొట్టుకుంటూ వచ్చేవి. ఒక్కగానొక్క కొడుకుని కదా, ఆ వల ఎప్పటికైనా నాదేనని నా లెక్క. ఆ లెక్క ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సినంత కష్టమైన లెక్క అనుకోలేదు.

ఒక్కటే చిన్న ఇబ్బంది. నాకు వల విసరడం రాదు.

"అది వల కాదురా, ఆరేసిన లుంగీ" అనేవాడు నాన్న, నేను విసిరినప్పుడల్లా. కొన్నేళ్ళు ఓపిక పట్టి, చివరికి నాకు వేరే ఉద్యోగం ఇచ్చాడు. ఏట్లో మడచెట్ల వేళ్ళుంటాయి. వల వాటికి చిక్కుకుంటే దిగి విడిపించాలి. సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే పాటు. పాటు దాకా ఆగితే నీళ్ళు వాటంతటవే తగ్గి వేళ్ళు బయటపడతాయి, ఎవరూ తడవక్కర్లేదు. కానీ ఇంట్లో కొడుకుండగా పాటు కోసం ఎవరాగుతారు? "దిగరా" అనేవాడు. దిగేవాణ్ణి.

మా అక్క హైదరాబాదులో చదువుకుంటూ, తనతో పాటు చదివిన ఖాజాగూడ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. నాన్న అలిగాడు. ఆ అలక ఏళ్ళ తరబడి సాగుతుందనీ, మధ్యవర్తిగా నాకు కాస్త గౌరవం దక్కుతుందనీ ఆశపడ్డాను. రెండు పండగలు కూడా నిలవలేదు.

అది తొంభైల చివర. మాదాపూర్‌లో బండరాళ్ళ మధ్య గుండ్రటి అద్దాల మేడ ఒకటి కొత్తగా లేచింది. బావ ఉద్యోగం అందులోనే. అక్కా బావల కిరాయి పోర్షన్‌లో ముందుగది నాది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతిపోతుందనీ, వైద్యం తెలిసినవాళ్ళకి గిరాకీ ఉంటుందనీ అంటే నేను కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాను. బావకి జీతం ఉంది, మా అక్క ఉంది, స్కూటర్ ఉంది. నాకు ఆ స్కూటర్ మీద వెనక సీటు ఉంది. అంతవరకూ నాకేం బాధ లేదు. ఎవరి సీటు వాళ్ళది.

కార్తీకంలో ముగ్గురం మా ఊరెళ్ళాం. అమావాస్య పోటు మంచి ఊపు మీదుంది. నాన్న వల భుజాన వేసుకుని, "అల్లుడుగారూ, రండి, రొయ్యలు చూద్దురుగాని" అన్నాడు. నన్ను రమ్మనలేదు. పనివాణ్ణి ప్రత్యేకంగా పిలవరు కదా, వెళ్ళాను.

"తాడు ఎడం మణికట్టుకి కట్టండి. సగం వల ఈ మోచేతి మీద. అంచు పళ్ళతో పట్టుకోండి."

"పండ్లతోనా మామా?" అన్నాడు బావ.

"పళ్ళతోనే. వదిలేటప్పుడు నోరు తెరవడం మాత్రం మర్చిపోకండి. మావాడు మర్చిపోయాడొకసారి."

నా ముందుపన్ను వంకర వెనకున్న చరిత్ర ఆ విధంగా తెలంగాణకి తెలిసింది. బావ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది, తిట్టుకోడానికి ఏదో ఒకటి దొరికేది.

మొదటిసారి వల ముద్దలా పడింది. నా ప్రాణం లేచొచ్చింది. రెండోసారి సగం విచ్చుకుంది. మూడోసారి మోకాలి లోతు బురదలో నిలబడి, నడుం తిప్పి, నోరు తెరిచి వదిలాడు. అప్పడం. ఎక్కడా విరగని, మాడని అప్పడం. గుళ్ళన్నీ ఒక్కసారే నీళ్ళని తాకిన ఆ చప్పుడు నా చేతుల్లోంచి ఎన్నడూ రాలేదు.

"శభాష్!" అన్నాడు నాన్న.

మా నాన్న నోట్లో ఆ మాట ఉందని నాకప్పటిదాకా తెలీదు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో! వల లాగితే అడుగున గుప్పెడు రొయ్యలు. బావ వాటిని చూసి చిన్నపిల్లాడిలా ఎగిరాడు. నాన్న కూడా దాదాపు ఎగిరాడు. నేను బుట్ట పట్టుకున్నాను.

బయల్దేరే రోజు నాన్న వలని గోనెసంచిలో చుట్టి బావ చేతిలో పెట్టాడు.

"నాన్నా, హైదరాబాదులో ఉప్పుటేరు లేదు" అన్నాను, లోకజ్ఞానం కొద్దీ.

"చెరువులున్నాయిగా. అల్లుడుగారిది చెరువున్న ఊరేనట." తర్వాత బావ వైపు తిరిగి, "ఎక్కడన్నా ఇరుక్కుంటే గుంజకండి బాబూ, చిరుగుద్ది. పాటు దాకా నిదానంగా ఆగండి" అన్నాడు.

అల్లుడికి ఆగడం నేర్పాడు, కొడుక్కి దిగడం. రైల్లో ఆ గోనెసంచి నా బెర్తు కిందే పెట్టారు. నాకు రావలసిన వారసత్వం రాత్రంతా నా కిందే పడుకుని రొయ్యల వాసన కొట్టింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బావ వల తీసుకుని డాబా ఎక్కేవాడు. నీళ్ళు లేవు, రొయ్యలు లేవు, ఒట్టి సిమెంటు గచ్చు. దాని మీద కూడా గుండ్రంగానే పడేది దిక్కుమాలినది. అక్క బట్టలు తీస్తూ, "చూడరా, అచ్చం నాన్నలాగే విసురుతున్నారు కదూ" అనేది.

"నాన్న పంచె కట్టుకుని విసిరేవాడు. ఈయనకి ఆఫీసు టై కూడా ఉంది" అనేవాణ్ణి.

"ఏంది బామ్మర్దీ, గిట్ల మొఖం పెట్టినవ్?"

"కోబాల్ బావా. కష్టంగా ఉంది."

ఒక ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద ఖాజాగూడ చెరువుకెళ్ళాం. చెరువు మీద చేపల హక్కున్న వాళ్ళలో బావ చిన్నాయన ఒకడు. "ఒక్క పూటే కద, ఏస్కోండ్రి" అన్నాడట. చుట్టూ ఏనుగులంత రాళ్ళు. బావ ఒక రాతి మీద నిలబడి విసిరాడు. ఎలా పడిందో నేను చెప్పను. మీకు తెలుసు.

తాడు లాగాడు. రాలేదు. ఇంకొంచెం లాగాడు. అడుగున కూడా రాళ్ళే. గుళ్ళు ఏ సందులోనో చిక్కుకున్నాయి. బావ లాగడం ఆపేసి, తాడు పట్టుకుని రాతి మీద చతికిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"మామ గుంజొద్దన్నడు. పాటు దాకా ఆగమన్నడు."

"ఇది మీ ఊరి చెరువు. ఇందులో నీళ్ళు తగ్గాలంటే మే నెల రావాలి."

"నాకెర్క లేదా? గాని మామ చెప్పింది గదొక్కటే. ఇంకేం జెయ్యాలె మరి?" అన్నాడు, నిజంగానే పరేషాన్ అయిపోయి. ఆగి ఆగి ఓపిక చచ్చి తాడు మళ్ళీ చేతికి చుట్టుకున్నాడు. "జర గట్టిగ గుంజి చూస్త."

నేను నోరు మూసుకుంటే చాలు. ఒక్క గుంజుడు. వల చిరుగుతుంది. నాదీ కాదు, ఆయనదీ కాదు. చింపిందెవరు? శభాష్‌గారు. ఇంతకంటే చవగ్గా న్యాయం ఎక్కడా దొరకదు.

"ఆగు బావా!" అని నేనే అరిచాను. ఎందుకంటే, వానాకాలమంతా ఆ ముడులు వేస్తున్నప్పుడు దారం ఉండ పట్టుకుని పక్కన కూర్చున్నది నేను. ప్యాంటు విప్పి, నిక్కరు మీద దిగాను. నీళ్ళు మెడదాకా వచ్చాయి. ఉప్పుటేటి నీళ్ళయితే ఉప్పగానన్నా ఉంటాయి, వీటికి పాచి రుచి. మునిగి, చేత్తో అంచు తడుముకుంటూ వెళ్ళాను. చిక్కుకున్న గుండు ఏ దారిన సందులోకి పోయిందో ఆ దారినే వెనక్కి తేవాలి. పైకి లాగితే పని చెడుతుంది. ఒక్కో గుండే వదిలింది. ఊపిరి కోసం పైకి తేలినప్పుడల్లా బావ రాతి అంచున బోర్లా పడుకుని, "పైలం బామ్మర్దీ, పైలం" అంటున్నాడు.

వల ముక్క చెదరకుండా బయటికొచ్చింది. అందులో నాలుగు పరక చేపలూ, ఒక తెగిన చెప్పూ.

బావ వలని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఉన్నట్టుండి దాన్ని నా భుజం మీద వేశాడు. "నువ్వే ఉంచుకో. ఇది నీకే రావాలె."

ఇదొక్కటే తక్కువైంది. మనిషి వల బాగా విసురుతాడు సరే, ఇవ్వడం కూడా ఇంత బాగా చేతనవ్వాలా? వణుకుతూనే తాడు మణికట్టుకి కట్టి, అంచు పళ్ళతో పట్టుకుని, ఈసారి రాళ్ళు లేని పక్కకి విసిరాను. నోరు తెరవడం మర్చిపోలేదు. మిగతావన్నీ మర్చిపోయినట్టున్నాను.

లుంగీ.

బావ చాలాసేపు చెరువు అవతలి ఒడ్డునే చూశాడు. నేను వలని పిండి, మడిచి, ఆయన చేతిలో పెట్టాను. "నువ్వే విసురు బావా. చెరువు ముందు నా పరువు తియ్యడమెందుకు?"

ప్రతి ఆదివారం సాయంత్రం నాన్న మా ఊరి కొట్లో ఫోను దగ్గర నిలబడేవాడు, అక్క ఇక్కడ ఎస్టీడీ బూత్ నుంచి చేసేది. ఆ రోజు బూత్ బయట నిలబడి నేనూ విన్నాను. అక్క మాటలు మాత్రమే వినబడ్డాయి.

"చిరగలేదు నాన్నా... రాళ్ళకి పట్టేసిందట... ఆ, దిగాడు... ఇంకెవరు, వాడే." చాలాసేపు విని, "సరే పెడతాలే" అని పెట్టేసింది.

"ఏమన్నాడు? శభాష్ అన్నాడా?"

"లేదురా. పాచి నీళ్ళు వాడికి పడవు, రాత్రికి జలుబు చేస్తుంది, మిరియాల చారు పెట్టమన్నారు."

నిజమే, నాకు పాచి నీళ్ళు పడవు. అది నాన్నకి తెలుసని నాకు తెలీదు. బావకి శభాష్, నాకు చారు.

ఆ రాత్రి చారు నిప్పులా ఉంది. గ్లాసులో పోయించుకుని తాగాను. తాగి మళ్ళీ పోయించుకున్నాను. ఎదురుగా కూర్చున్న బావ, "నాకు జర పొయ్యి, వాసన మంచిగొస్తుంది" అని గ్లాసు చాచాడు.

ఆయనకి పొయ్యొద్దని అక్కకి కళ్ళతో సైగ చేశాను.