చేపలకు గాలి పెట్టిన రోజు

నిండు నీటికుంటను ఒక్క పూటలో ఎండబెట్టిన వీరుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే! మా అనంతపురం ఎండకైనా అందుకు ఒక వేసవి పడుతుంది.

కదిరి దగ్గర మా చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, ఆ కుంటే ప్రాణం. మా నేలలో నీళ్లు నిలవవు. అందుకని కుంట అడుగున ప్లాస్టిక్ పట్ట పరిచి, సన్నగా వచ్చే బోరు నీళ్లతో రోజుల తరబడి నింపాం. అందులో నేను చేపలు కూడా వదిలాను. ఓ పొద్దున చూస్తే అవన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

"నాయనా, నీళ్లల్లో గాలి చాల్లేదు! సచ్చిపోతాయి!"

"బోరు నీళ్లు పైనుంచి ధారగా వదుల్దాం లేరా. గాలి అదే కలుస్తాది."

ధారా? భీమవరం చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాల వీడియోలన్నీ చూసేసిన నాతోనా ఆ మాట! ఎరువుల డ్రమ్ములో జీవామృతం కలిపే మిషను పట్టుకొచ్చాను. పైన పెట్రోలు ఇంజను, కింద పొడుగు కడ్డీ, దాని చివర రెక్కలు. రెండు ట్రాక్టరు ట్యూబుల మీద చెక్క కట్టి, మిషనును దానికి బిగించి, స్టార్టు చేసి కుంట మధ్యకు తోశాను.

అబ్బబ్బా, ఏం నురగ! పాలు పొంగినట్టే! పక్క తోట ఓబులేసన్న గట్టెక్కి వచ్చాడు.

"ఏమప్పా, ఇది కుంటనా, మజ్జిగ కుండనా?"

"చూడన్నా, చాపలన్నీ కిందికి పోయినాయి! ఊపిరొచ్చినాది!" అని గంతులేశాను. అవి భయపడి పారిపోయాయని మీకు అర్థమైంది కదా? నాకు కాలేదు.

"ఒరే, ఆ ట్యూబులో గాలి పోతాండాది!" అని నాయన అరిచాడు.

చెక్క ఒరిగింది. కడ్డీ అడుగుకు దిగింది. రెక్కలు పట్టను చింపి, బారెడు చుట్టేసుకుని, గుర్రుమని ఆగిపోయాయి.

"భీమవరంలో అడుగున ఉండేది బంకమట్టిరా! మనకుండేది పట్ట!" అని నాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. నీళ్లు మా కళ్లముందే నేలలోకి ఇంకిపోయాయి. మధ్యాహ్నానికి చేపలు పట్ట మీద గిలగిలా ఎగురుతున్నాయి. గంపలకెత్తి ఓబులేసన్న కుంటకు పరుగో పరుగు! చేపలు బతికాయి. చీనీ చెట్లకు మాత్రం ఆ వేసవంతా ట్యాంకర్లే గతి.

చివరి చేపను గంపలో వేస్తూ నాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గాలి చాల్లేదంటివి. నీళ్లన్నీ తీసేసి, అంతా గాలే పెట్టినావు కదరా!"

ఆ క్షణమే భీషణ ప్రతిజ్ఞ చేశాను. నేటికీ నిమ్మరసంలో చక్కెర కలపాలన్నా, చెంచా గ్లాసు అడుగుకు తగలకుండానే తిప్పుతాను.