అమ్మ తుంచిన మొక్కుబెల్లం

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్ళ వయసులో, నన్ను బెల్లంతో తూచారు. మీరు ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి అదేమిటో ముందు చెబుతాను. బిడ్డకి ప్రాణం మీదకి వస్తే, బతికించమని, బతికిస్తే బిడ్డ బరువుకి సరిపడా బెల్లం ఇస్తామని మావాళ్ళు అమ్మవారికి మొక్కుకుంటారు. పెద్ద కాటా కట్టి ఒక పళ్ళెంలో బిడ్డని కూర్చోబెడతారు. రెండో పళ్ళెంలో బెల్లం అచ్చులు పేరుస్తారు. రెండూ సమానమయ్యాక ఆ బెల్లం అమ్మవారికి నివేదన చేసి అందరికీ పంచుతారు. నివేదన అయ్యేదాకా ఎవరూ అందులోంచి చిటికెడు కూడా నోట్లో వేసుకోకూడదు. వేసుకుంటే మొక్కు చెడిపోయినట్టే.

నాకు ఐదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు కళ్ళు తెరవలేదట. మా అమ్మ అప్పుడే మొక్కుకుంది. నేను బతికాను గానీ మొక్కు మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. మా నాన్న శ్రీకాకుళం పక్క నుంచి భిలాయి స్టీలు ప్లాంటు పనికి వచ్చి, అక్కడి క్యాంప్ వన్‌లో ఇల్లు తీసుకున్న మనిషి. ఆయనకి సెలవు దొరికితే బెల్లం తెచ్చేవాళ్ళు దొరికేవారు కాదు. ఇక్కడి బెల్లం పనికిరాదని, అనకాపల్లి బెల్లమే కావాలని అమ్మ పట్టు. చివరికి మా మావయ్య రైల్లో తెస్తానని ఉత్తరం రాశాడు. ఇంకా రెండు నెలలు టైముంది, పిల్ల బరువెంతో రాయండి అన్నాడు.

అక్కడ మొదలైంది నా కష్టం.

మా నాన్న కొలిమి దగ్గర ఎండిపోయిన మనిషి, చొక్కా తగిలించిన కర్రలా ఉండేవాడు. మా అమ్మ లావు. నేను అచ్చం మా అమ్మ. చేతులు, మెడ, నడక అన్నీ ఆవిడవే. మా వీధిలో తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, బీహారు వాళ్ళు కలిసి ఉండేవారు. ఎవరి భాష వాళ్ళదే అయినా లావుదాన్ని ‘మోటీ’ అనడం మాత్రం అందరికీ వచ్చు. పెద్ద మోటీ మా అమ్మ, చిన్న మోటీ నేను. అమ్మ కుళాయి దగ్గరికి అందరూ వెళ్ళిపోయాక వెళ్ళేది. పెళ్ళి పిలుపులొస్తే నాన్నని పంపేది. ఎందుకు వెళ్ళదో నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలుసు.

నాన్న నన్ను కట్టెల డిపోకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెట్టాడు. అక్కడ పనిచేసే భయ్యా నా బరువు గట్టిగా చదివాడు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పక్కింటి అక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ, “ఏటి పిన్నీ, మీ గుంటకి బెల్లం రైలు డబ్బా నిండా తేవాలేటి? దుర్గ్ టేషన్లో దింపడానికి కూలీలు చాలరు” అంది. అమ్మ కూడా చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

రెండు నెలల తర్వాత గుడి ముందు, అందరూ చూస్తుండగా ఆ పళ్ళెంలో కూర్చోవాలి. నా ఎదురుగా అచ్చు మీద అచ్చు పేరుస్తారు. ఒక్కో అచ్చుకీ మా క్లాసు పిల్లలు గట్టిగా లెక్కపెడతారు. అది తలుచుకుంటే నాకు ఊపిరి ఆడేది కాదు. అమ్మవారు ఆ రోజు నన్ను ఎలాగైనా తప్పించాలని దండం పెట్టుకున్నాను. తప్పించదని అర్థమయ్యాక తినడం మానేశాను.

మానేసిన సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. పొద్దున్న అన్నం పెరట్లోకి తీసుకెళ్ళి ఎదురింటి మేకకి పెట్టేదాన్ని. స్కూలు డబ్బా పక్క బెంచీ అమ్మాయికి ఇచ్చేదాన్ని. రాత్రి నాన్న పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తిని కడుపునొప్పి అనేదాన్ని. ఆకలేస్తే కుళాయి నీళ్ళు తాగేదాన్ని. మొదటి వారం ఏడుస్తూ పడుకున్నాను. తర్వాత ఆకలి పోయింది. దాని బదులు చలి పట్టుకుంది. భిలాయి మే నెల ఎండలో నాకు చలి వేసేది. దువ్వెనలో జుట్టు కుచ్చులుగా వచ్చేది. లేచి నిలబడితే గోడలు ఊగేవి. ఇదంతా నాకు సంతోషంగానే ఉండేది. పరికిణీ బొందు రోజూ ఇంకొంచెం బిగించేదాన్ని. అమ్మ అడిగితే ఎండలని చెప్పాను. ఆవిడ ప్రతి ఏటా వచ్చే ఎండే కదా అనుకుంది. మొక్కు తీరబోతోందన్న ఆనందంలో మరేమీ చూడలేదు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు అని తనని తాను తిట్టుకుందో.

ఆ రోజు వచ్చింది. గుడి ముందు పందిరి వేసి, డిపో కాటా తెచ్చి ఇనుప దూలానికి వేలాడదీశారు. మావయ్య తెచ్చిన పదహారు అచ్చులూ తాటాకు విప్పి ముందే రెండో పళ్ళెంలో పేర్చారు. అవి కట్టెల డిపోలో చెప్పిన నా బరువుకి సరిగ్గా సరిపోయేవి. నన్ను ఎత్తి మొదటి పళ్ళెంలో కూర్చోబెట్టారు.

పళ్ళెం కిందికి రాలేదు. నేను గాల్లోనే ఉండిపోయాను. బెల్లం నేలకి ఆనుకుని ఉంది.

పిల్లలు అరిచారు, పెద్దవాళ్ళు నవ్వారు. ఈసారి వెక్కిరింత కాదు, మెచ్చుకోలు. పక్కింటి అక్క అందరికంటే ముందు, “ఓలమ్మో, ఎంత సన్నబడిపోనాదో సూడండి. ఇప్పుడు బాగుందే నీ ఒళ్ళు” అంది. నాకు జీవితంలో అంత గర్వం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. నేను పైనుంచి మా అమ్మ కోసం చూశాను.

అమ్మ జనం వెనకాల, ఎప్పట్లాగే, స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆవిడ నవ్వడం లేదు.

పూజారి కాటా సమానం చేయడానికి బెల్లం తీయడం మొదలుపెట్టాడు. ఒక అచ్చు తీశాడు. కాటా కదల్లేదు. రెండోది తీశాడు. మూడోది తీశాక పళ్ళేలు ఊగాయి. పక్కన పెట్టిన ఆ మూడు అచ్చుల్నీ అమ్మ చూస్తోంది. అవి నా ఒంట్లోంచి పోయినవని ఆవిడకి అప్పుడు తెలిసింది.

అమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. అంత మంది మధ్యలోంచి ఆవిడ నడవడం నేను అదే మొదటిసారి చూశాను. కాటా పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని ఆపి, “తిండి తింతన్నావా నేదా? నిజం సెప్పు” అంది, చాలా మెల్లగా.

నేను తల అడ్డంగా ఊపాను.

“ఎన్నాళ్ళై?”

“మావయ్య ఉత్తరం వచ్చినకాడి నుంచి.”

“ఎందుకే?”

“నీలాగ ఉన్నానని నవ్వుతారు కదా, అందుకు.”

ఆ మాట నేను ఎందుకన్నానో నాకు తెలియదు. నిజం చెప్పమంది, చెప్పాను. అమ్మ మొహం పగుళ్ళు పడ్డ మట్టిలా అయిపోయింది. పక్కనున్న అచ్చు ఒకటి తీసుకుని కాటా గొలుసుకేసి కొట్టింది. విరిగిన ముక్క నా నోటి దగ్గర పెట్టింది.

పూజారి గాభరాగా, “అమ్మా, నివేదన అవలేదు, ఎంగిలైపోద్ది, మొక్కు చెడిపోద్దమ్మా” అన్నాడు.

“నా పిల్ల రెండు నెలలై పస్తుంటే ఆ తల్లి బెల్లం తింటాదేటి బాబూ” అంది అమ్మ. పక్కింటి అక్క వైపు తిరిగి, “ఆ ఒళ్ళు నాదమ్మా. నేనే ఇచ్చేను దానికి. నవ్వితే నన్ను సూసి నవ్వండి, దాని జోలికి రాకండి” అంది. గొంతు పెంచలేదు.

నేను నోరు తెరిచాను. ఆ తీపికి నాకు వాంతి వచ్చినంత పనైంది. అమ్మ నా వీపు నిమురుతూ ఇంకో ముక్క పెట్టింది. నివేదన జరగలేదు. మిగిలిన బెల్లం ఎవరూ ముట్టుకోలేదు. నాన్న నన్ను భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు.

అమ్మ ఆ రోజు ఏం పోగొట్టుకుందో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. నేను బతికింది ఆ మొక్కు వల్లేనని ఆవిడ నమ్మకం. ఆ మొక్కుని తన చేత్తో తనే చెడగొట్టుకుంది. ఆ తర్వాత నాకు ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, అమ్మవారు నన్ను తీసుకుపోవడానికి వచ్చిందని వణికిపోయేది. దండం పెట్టేది, క్షమించమని అడిగేది. కానీ మళ్ళీ తూస్తానని మాత్రం మొక్కుకోలేదు. నాకు పెళ్ళయ్యాక కూడా, జ్వరమని తెలిస్తే బస్సెక్కి వచ్చేసేది. పోయేదాకా ఆ భయంతోనే బతికింది.

ఆ రోజు నుంచి ఆవిడ నాతో కలిసే తినేది. వీధి గుమ్మంలో చాప వేసి, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. నేను రెండు ముద్దలు తింటే ఆవిడా రెండే. నేను ఆపితే ఆవిడా ఆపేది. అమ్మ ఆకలితో లేవకూడదని నేను ఇంకో ముద్ద తినేదాన్ని. అలా నెలలు పట్టింది. నా ఒళ్ళు మళ్ళీ నాకు వచ్చింది. ఆ ఒళ్ళు సుఖమని నేను చెప్పను. అమ్మకి మోకాళ్ళు పోయాయి, నాకూ పోయాయి. డాక్టరు నడవమంటే నడుస్తాను, నూనె తగ్గించమంటే తగ్గిస్తాను. పస్తు మాత్రం ఉండను.

పెద్దదానా, ఇదంతా నీ కోసమే చెబుతున్నాను, ఫోను స్పీకరులో పెట్టి నీ చెల్లెల్ని కూడా విననివ్వు. పూనే నుంచి మీ అమ్మ నిన్న ఫోన్లో ఏడ్చింది. నీ టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి వస్తోందట. గంటకోసారి బరువు చూసే మెషీన్ ఎక్కి దిగుతున్నావట. నీది మీ అమ్మ ఒళ్ళు, మీ అమ్మది నా ఒళ్ళు. నిన్నటి నుంచి నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నీకు చలి వేస్తోందా తల్లీ? జుట్టు ఊడుతోందా? నాతో చెప్పు, మీ అమ్మతో చెప్పలేకపోతే.

నాకు పెద్ద చదువు లేదు, నీకు ఏ మాట చెబితే తగులుతుందో తెలియదు. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నది, ఎదురుగా కూర్చుని తినడం ఒక్కటే. మీ తాతయ్యని టికెట్ తీయమన్నాను. నేను వచ్చేదాకా నువ్వు ఎన్ని ముద్దలు తింటే ఇక్కడ నేనూ అన్నే తింటాను. ఈ పూట ఎన్ని తిన్నావో చెప్పు. అబద్ధం చెప్పకు, నేను కంచం ముందు కూర్చునే ఉన్నాను.