వర్ణం కాగానే మంగళం

పాట విని బాగుందనడానికి కూడా అటూ ఇటూ చూసుకోవలసిన కాలం ఒకటి నా జీవితంలో ఉండేదంటే మా మనవలు నమ్మరు. వాళ్ళు చెవుల్లో ఏవో గుండీలు దూర్చుకుని, పాట సగంలో ఉండగానే పెదవి విరిచి ఇంకోటి పెట్టుకుంటారు. ఆ పెదవి విరుపు వల్ల తమ కొంప మునుగుతుందేమోనన్న బెంగ వాళ్ళకి లేదు. నాకుండేది. అప్పట్లో నేను నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. మా ఊళ్ళో పెదనాన్నగారికి బియ్యం మిల్లుంది. నేను హైదరాబాదు రైలెక్కుతుంటే ఆయన స్టేషనుకొచ్చి మరీ, "వెళ్ళిరారా, తవుడు గది తాళం నీకోసం అట్టేపెడతాను" అని దీవించారు. ఉద్యోగం పర్మనెంటయితే నేను హైదరాబాదువాణ్ణి, కాకపోతే తవుడువాణ్ణి. ఆ సంగతి తేల్చేది మా సూపరింటెండెంటు గారు నా గురించి పైవాళ్ళకి చెప్పే రెండు ముక్కలు.

ఆయన్ని ఆఫీసంతా చాటుగా సూదిగారు అనేవాళ్ళు. కళ్ళజోడు మీదుగా మనిషిని గుచ్చి చూసే అలవాటొకటి, గ్రామఫోను సూదుల గురించి తప్ప మరో కబురు ఎరగకపోవడం ఒకటి, రెండూ కలిసి ఆ పేరు తెచ్చిపెట్టాయి. గోదావరి జిల్లా మనిషి. రాష్ట్రం ఏర్పడ్డప్పుడే వచ్చి, అబిడ్స్ పెద్ద రోడ్డు వెనక సందులో ఒక మేడమీద వాటాలో ఉండేవారు. పిల్లలు లేరు. జీతంలో తిండికి పోగా మిగిలిందంతా రికార్డులు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి సెక్షనులో సంగీతజ్ఞానం ఉందని ఆయనకి తోచినవాళ్ళని ఇంటికి పిలిచి వినిపించేవారు. (నాకు జ్ఞానం ఉందని ఆయనకి ఎలా తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫైళ్ళు కుట్టేటప్పుడు కూనిరాగం తీశానేమో.)

వినడం అంటే మాటలు కాదు, దానికో పద్ధతుండేది. దుమ్ము పడుతుందని కిటికీలు మూసేవారు. తంబూరా శ్రుతిలో ఫ్యాను చప్పుడు కలుస్తుందని ఫ్యాను ఆపేసేవారు. జంపఖానా మీద చెమటలు కక్కుతూ కూర్చోవాలి. ఆదివారానికి ఒక్క రికార్డే, అటుపక్క, ఇటుపక్క. ఎక్కువ వింటే మనసుకి అజీర్తి చేస్తుందని ఆయన నమ్మకం. ఒక్కో పక్క అవగానే ఒక్కొక్కరం ఏమనిపించిందో చెప్పాలి. "బాగుంది" అనకూడదు. "బాగుందని కాఫీని అంటారయ్యా. పాట విన్నాక నీ లోపల ఏమైందో చెప్పు" అనేవారు. నా లోపల ఎప్పుడూ అయ్యేది ఒక్కటే, భయం. ఆదివారం నేను చెప్పే అభిప్రాయమే సోమవారం నా తలరాత అవుతుందని నాకు గట్టి అనుమానం.

నాతోపాటు ఇంకో ఇద్దరు వచ్చేవారు. ఒకాయన గుంటూరు నుంచి వచ్చిన సీనియర్ గుమాస్తా, ఆహాగారు. దేన్నయినా ముందు ఆహా అనేసి, అందుకు కారణం తరవాత వెతుక్కునేవారు. సోమవారం పొద్దున్న సూదిగారితో కలిసి నడిచి ఆఫీసుకి వచ్చేది ఆయనొక్కరే కాబట్టి, మేం చాటుగా అనుకునే మాటలు మోసేది ఆయనే అయ్యుంటుందని నా అనుమానం. రెండో ఆయన ఇక్కడి పాత కుటుంబంవాడు, నాంపల్లిలోనే తాతల నాటి ఇల్లు. ప్రతి మాటకీ ముందు 'జర' తగిలిస్తాడు గనక జరసాబ్. ఆయన మహా జాగ్రత్తపరుడు. ఏ రికార్డు విన్నా, "మృదంగం మంచిగున్నది సార్" అనేవాడు. ఒకసారి మృదంగమే లేని ఆలాపన వినిపించి సూదిగారు ఆయన వంక చూశారు. జరసాబ్ తొణకలేదు. "మృదంగమాయన జర సబర్‌తోని కూసున్నడు సార్. గది గూడ మంచిగున్నది" అన్నాడు. నేను ఉత్తచేతులతో వెళ్ళలేక మొజంజాహీ మార్కెట్‌లో సపోటాలు కొని పట్టుకెళ్ళేవాణ్ణి. సూదిగారు ముందు సపోటాల్నీ, తరవాత నన్నూ, మళ్ళీ సపోటాల్నీ చూసి ఏమీ అనకుండా లోపలికి పంపేవారు.

అలా ఉండగా ఒక ఆదివారం ఆయన ఓ అట్టపెట్టె తెచ్చి మా ముందు పెట్టారు. బొంబాయి నుంచి తెప్పించారట. ఒక మహా విద్వాంసుడి కచేరీ మొత్తం, మూడు పెద్ద రికార్డుల్లో. మూడు ఆదివారాల విందు అన్నారు. మొదటి రికార్డు వేశారు. మొదటి పక్క వర్ణం, చిన్న కీర్తన. కమ్మగా ఉంది. తిప్పి రెండో పక్క వేశారు. ఓ శ్లోకం పాడి, ఆ విద్వాంసుడు శుభ్రంగా మంగళం అందుకున్నాడు.

ఎక్కడైనా కచేరీలో మంగళం అంటే ఇక లేచి ఇళ్ళకి పొమ్మని. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో అయితే మంగళం తొలి ముక్క వినపడగానే సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉండేవారు. ఇక్కడ చూస్తే వర్ణం పాడి చెమటైనా పట్టకుండానే మంగళం. అసలు కచేరీ ఏమైనట్టు? నేను ఆహాగారిని చూశాను. ఆహాగారు జరసాబ్‌ని చూస్తున్నారు. జరసాబ్ ఆగిపోయిన ఫ్యానుని చూస్తున్నాడు. ఇంతలో సూదిగారి భార్య, మేము పిన్నిగారూ అనేవాళ్ళం, ఉప్మా పళ్ళాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశారు. మంగళం వినపడితే టిఫిను తేవడం ఆ ఇంటి మర్యాద. "అప్పుడే అయిపోయిందేమిటండీ? ఇంకా జీడిపప్పయినా వెయ్యలేదు" అన్నారావిడ. సూదిగారు ఆవిడ వంక ఒక్క చూపు చూశారు. ఆవిడ పళ్ళాలతో సహా వెనక్కి వెళ్ళిపోయారు.

"ఊఁ, చెప్పండి" అన్నారు సూదిగారు. ముందు ఆహాగారు గొంతు సవరించుకున్నారు. "ఆహా. ఏ పనికైనా మొదట మంగళాచరణం చెయ్యమని శాస్త్రం కదండీ. ఈయన ఆ పాత సంప్రదాయాన్ని నిలబెట్టారు" అన్నారు. జరసాబ్ మృదంగం మంచిగుందన్నాడు. నా వంతు వచ్చేసరికి, "మొదట్లోనే మనసు నిండిపోయిందండీ" అన్నాను. సూదిగారు ముగ్గుర్నీ వరసగా గుచ్చి చూసి, "అలాగా" అన్నారు. ఆ అలాగాకి అర్థం ఏమిటన్నది నాకు ఆ వారమంతా నిద్ర లేకుండా చేసింది.

రెండో ఆదివారం రెండో రికార్డు. ఒక పక్క పెద్ద కీర్తన, రెండో పక్క జావళి, తిల్లానా. మూడో ఆదివారం మూడో రికార్డు, ఒక పక్క రాగం, తానం, రెండో పక్క పల్లవి, మృదంగ విన్యాసం, అంతే, అయిపోయింది. అసలైన వంటకం ఆఖర్న పెట్టి, ముందే తాంబూలాలిచ్చినట్టుంది కచేరీ. ఆహాగారు మాత్రం ఆరోహణ క్రమం అన్నారు. జరసాబ్‌కి ఆ రోజు నిజంగానే మృదంగం దొరికింది కాబట్టి మనసారా మెచ్చుకున్నాడు. రికార్డుని మఖమల్ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టమని సూదిగారు నాకు ఇచ్చారు. అప్పుడు చూశాను, మధ్యనున్న గుండ్రటి కాగితం మీద ఒకపక్క మూడు అనీ, రెండో పక్క నాలుగు అనీ ఉంది. ఊరుకోక మొదటి రికార్డు పైకి తీశాను. ఒకపక్క ఒకటి, తిప్పితే ఆరు. రెండిటినీ గబగబా పెట్టెలో దూర్చేశాను.

(రికార్డుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చిపెడితే వరసగా కిందికి జారవిడిచే యంత్రాలు ఉంటాయనీ, అన్నీ ఒకపక్క పాడాక దొంతరంతా ఒక్కసారి తిప్పి వేస్తారనీ, వాటికోసం అంకెలు అలా వేస్తారనీ చాన్నాళ్ళకి తెలిసింది. వారానికి ఒక రికార్డు చొప్పున అటూ ఇటూ వినే మాబోటివాళ్ళ గురించి ఆ తయారుచేసినవాడు ఆలోచించి ఉండడు.)

బయటికి వచ్చాక జరసాబ్ నన్ను నాంపల్లి స్టేషను ఎదుటి ఇరానీ హోటల్‌కి లాక్కెళ్ళాడు. చాయ్ వచ్చాక గొంతు తగ్గించి, "ఏం తమ్మీ, గా రికార్డు దిక్కు గట్ల చూస్తివేంది?" అన్నాడు. అంకెల సంగతి చెప్పాను. "నేను పోయిన ఐతారమే చూసిన. నువ్వు గూడ చూస్తివా" అని తల పట్టుకున్నాడు.

"మరి సార్‌కి చెబుదామాండీ?" అన్నాను.

"జర ఆగు. ఆయనకు ఎరుక లేక ఏస్తున్నడా, ఎరుకుండే ఏస్తున్నడా? ఎరుక లేదనుకో, నువ్వు చెప్తే ఆయన ఇజ్జత్ పోతది, నీ నౌకరీ ఖతం. ఎరుకుండే ఏస్తున్నడనుకో, మనల్ని పరీక్ష చేస్తున్నట్టు. ఎవడు ఉన్నదున్నట్టు చెప్తడు, ఎవడు తల ఊపుతడు అని. అప్పుడు చెప్పకపోతే నీ నౌకరీ ఖతం."

"మీ నౌకరీ?"

"నాది పర్మనెంట్ అయింది తమ్మీ. నాకేం ఫికర్ లేదు" అని ఆయన బిస్కట్టు చాయ్‌లో ముంచుకున్నాడు.

ఆ వారం ఆఫీసులో సూదిగారు నన్ను పిలిచినా పరీక్షే అనిపించింది, పిలవకపోయినా పరీక్షే అనిపించింది. బుధవారం ఆయన నా బల్ల దగ్గర ఆగి, ఏదో చెప్పబోయి, మానేసి వెళ్ళిపోయారు. ఇక తవుడు గది ఖాయమనుకున్నాను. ఆ సాయంత్రం పెదనాన్నగారి తాళం చెవి చప్పుడు లక్డీకాపూల్‌లో నా గది దాకా వినపడింది నాకు.

నాలుగో ఆదివారం సపోటాలు మామూలు కంటే పెద్దవి ఏరి తీసుకెళ్ళాను. సూదిగారు పెట్టె తెరిచి, "ఇవాళ మళ్ళీ మొదటి రికార్డే వింటున్నాం. ఈసారి చిన్నవాడితో మొదలుపెడదాం" అన్నారు. చిన్నవాణ్ణి నేనే. పరీక్షే, సందేహం లేదు. చెప్పాలా, మానాలా అని వర్ణమంతా కొట్టుమిట్టాడాను. ఆయన రికార్డు తిప్పారు. శ్లోకం అయింది. విద్వాంసుడు మంగళం ఎత్తుకున్నాడు. అప్పుడు జరిగింది నా ప్రమేయం లేకుండానే జరిగింది. చిన్నప్పటి నుంచీ పందిట్లో అలవాటైన కాళ్ళు నన్ను అడక్కుండా లేచి నిలబడ్డాయి. అంతటితో ఆగక గుమ్మం దాకా నడిచాయి. చెప్పులో ఒక కాలు పెట్టాక నేనేం చేస్తున్నానో నాకు తెలిసింది.

"ఎక్కడికి?" అన్నారు సూదిగారు.

"ఇంటికండీ. మంగళం పాడేశారు కదండీ" అన్నాను.

రికార్డు అయిపోయి సూది గరగరమంటోంది. ఆయన దాన్ని ఎత్తలేదు. రికార్డు అరిగిపోతుందేమోనని సూది విషయంలో అంత ప్రాణం పెట్టే మనిషి అలా వదిలెయ్యడం చూసి, నా పని అయిపోయిందనుకున్నాను. "మరి మొదటి ఆదివారం ఎందుకు లేవలేదు?" అని అడిగారు.

"మీరు లేవలేదు కదండీ."

"నేనెందుకు లేవలేదో తెలుసా? మీరెవరూ లేవలేదు గనక" అన్నారు సూదిగారు. "నాకు ఆవేళే తేడాగా ఉందనిపించిందయ్యా. మీరేమో శాస్త్రం అన్నారు, మనసు నిండిందన్నారు. నాకే తెలియదేమో, అంటే నవ్వుతారేమో, ముగ్గురూ కూడబలుక్కుని నన్ను పరీక్షిస్తున్నారేమోనని ఊరుకున్నాను. ఇవాళ మళ్ళీ ఇదే ఎందుకు వేశాననుకున్నావు? ఒక్కడైనా అంటాడేమోనని."

ఆహాగారు చాలా చిన్న గొంతుతో "ఆహా" అన్నారు. జరసాబ్, "మృదంగమైతే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. గుమ్మం దగ్గర పిన్నిగారు పళ్ళాలతో నిలబడి, "నేను ఆవేళే లేచొచ్చానుగా" అన్నారు. ఉప్మాలో ఈసారి జీడిపప్పుంది.

అందరం వెళ్ళిపోతుంటే సూదిగారు నన్ను మెట్ల దగ్గర ఆపారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నీ సంగతి తేలిపోయిందోయ్. పర్మనెంటయ్యావు. కబురొచ్చి రెండు వారాలైంది" అన్నారు.

నాకు ముందు సంతోషం వేసింది, వెంటనే ఒళ్ళు మండింది. రెండు వారాలుగా తిండి సయించక, నిద్ర లేక నేను చస్తుంటే ఈయన చల్లగా నోరు మూసుకు కూర్చున్నాడా అనిపించింది. "మరి చెప్పలేదేమండీ?" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన నన్ను చూడలేదు. మెట్ల కింద సందులోకి చూస్తూ, "చెబితే ఆదివారాలు మానేస్తావేమోనని అనుమానం వచ్చింది. ఇదివరకు ఇద్దరు అలాగే మానేశారు. వాళ్ళూ సపోటాలే తెచ్చేవాళ్ళు" అన్నారు.

నా కోపం ఏమైందో తెలియదు. అంత పెద్ద సూపరింటెండెంటు, నా బతుకు గుప్పిట్లో పెట్టుకున్న మనిషి, నేను రానేమోనని భయపడ్డాడా అని జాలేసింది. "వస్తానండీ" అన్నాను. నమ్మలేదని ఆయన మొహంలోనే తెలిసింది.

ఆ తరవాతి ఆదివారం నాలుగింటికి మొజంజాహీ మార్కెట్ ముందునుంచే నడిచి వెళ్ళాను గానీ సపోటాలు కొనలేదు. తలుపు తీసి సూదిగారు ముందు నా చేతుల వంక చూశారు. రెండూ ఖాళీగా ఉన్నాయి. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ రోజు కచేరీని ఒకటి నుంచి ఆరు దాకా, లేచి లేచి రికార్డులు మారుస్తూ, వరసగా విన్నాం. నిజం చెప్పాలంటే వర్ణం కాగానే మంగళం వచ్చినప్పటి రుచి దానికి రాలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు వెళ్ళాను. ఆయన పోయాక ఆ మేడా పోయింది, అక్కడ ఇప్పుడేదో పెద్ద బట్టల దుకాణం ఉంది.

మొన్న మా మనవడు ఎక్కడ పట్టాడో ఆ కచేరీనే ఫోనులో పెట్టి నాకు వినిపించాడు. అన్నీ సరైన వరసలోనే వస్తున్నాయి. వర్ణం, చిన్న కీర్తన అయ్యాయి. ఇక మంగళమే అనుకున్నాయేమో, కాళ్ళు మళ్ళీ నన్ను అడగలేదు, లేచాయి. మా ఆవిడ పేపరు దించి అనుమానంగా, "ఎక్కడికి?" అంది. అబిడ్స్ దాకా అని నోటిదాకా వచ్చి ఆగింది. చేతులు చూసుకున్నాను, రెండూ ఖాళీగానే ఉన్నాయి. ఇలా వెళ్తే ఆయన తలుపు తీసేవారే అనుకుని, నాలో నేను నవ్వుకుని, మళ్ళీ కూర్చున్నాను.