ఒంటి కంటితో చేసిన ఇటాలియన్ అనువాదం

నాకు కచ్చితంగా తెలిసిన విషయాలు మూడు. నా కుడి కంటి నల్లగుడ్డు మీద కార్నియల్ అల్సర్, అంటే పుండు, వచ్చింది. దాన్నుంచి గీకి తీసిన పదార్థంలో ఫంగస్ ఉంది. మైక్రోస్కోప్‌లో దాన్ని నేనూ చూశాను. ఆసుపత్రికి వెళ్లేముందు ఆరు రోజులపాటు స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందును నా చేతులతో నేనే వేసుకున్నాను. వీటికి రిపోర్టులు, సీసా, అట్టపెట్టె నా దగ్గరున్నాయి. మిగిలినవన్నీ విన్న మాటలు. కంప్యూటర్ ఎక్కువగా చూడటం వల్ల వచ్చిందని పక్కింటివారు, దిష్టి తగిలిందని మా పిన్ని, ఈ సీజన్‌లో అందరికీ వచ్చేదేనని మందుల షాపతను అన్నారు. ఆధారం ఏమిటని అడిగితే ముగ్గురూ ఒకలాగే నొచ్చుకున్నారు.

నేను మైక్రోబయాలజీ చదివాను. పరిశోధన కోసం ఇటలీలో ఒక విత్తనాల ల్యాబ్‌లో రెండేళ్లు ఉన్నప్పుడు ఆ భాష పట్టుబడింది. గుంటూరు వచ్చాక కొంతకాలం ఎగుమతి మిర్చి నమూనాల్లో బూజును పరీక్షించే పని చేశాను. ఇప్పుడు బ్రాడీపేటలో ఇంటి నుంచే ఇంగ్లిష్ నుంచి ఇటాలియన్‌లోకి అనువాదాలు చేస్తున్నాను. నా ఇటాలియన్‌ను అక్కడి స్నేహితురాలు పావొలా సరిదిద్దుతుంది. జబ్బు మొదలైనప్పుడు మా చేతిలో ఉన్న పని, ఇటలీ విద్యార్థుల కోసం కన్నుకూ చూపుకూ సంబంధించిన ఇంగ్లిష్ మాటలు, పలుకుబడుల పట్టిక. మొత్తం ఎనభై. ఒక్కొక్కదానికీ మూడు ఆధారాలు చూసిన తర్వాతే గడి నింపాలని నియమం పెట్టింది నేనే.

ఆ ఆదివారం దర్శి దగ్గర మా పిన్ని వాళ్ల మిరప కళ్లంలో ఉన్నాను. ఎండబెట్టిన కాయలను పారలతో తిరగేస్తున్నారు. గాలి తిరిగి కుడి కంట్లో ఏదో పడింది. మిర్చి ఘాటు నాకు కొత్త కాదు. అది మండి, నీళ్లు కారి, తగ్గిపోతుంది. ఇది అలా తగ్గలేదు. రెప్ప వేసినప్పుడల్లా ఇసుక రాసినట్టు గీసుకుపోయింది. నీళ్లతో కడుక్కుంటానన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. ఆ ఊళ్లో కంట్లో నలకను నాలుకతో తీసే పెద్దావిడ ఉంది. పత్తి తీతలప్పుడూ మిరప కళ్లాలప్పుడూ జనం ఆవిడ గుమ్మం ముందే కూర్చుంటారు.

వద్దన్నాను. నోట్లో ఎన్ని రకాల సూక్ష్మజీవులు ఉంటాయో చెప్పబోయాను. పిన్ని పది మంది కూలీల ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమే, మీ అమ్మకి తీయించింది నేనే. మీ అమ్మ కళ్లేమన్నా పోయాయా? నీ చదువు మా ఊరి కూలోళ్ల ముందు చూపిచ్చుకోమాక."

కూలీలు నవ్వారు. గర్విష్టినని అనిపించుకోవడం ఇష్టం లేక వెళ్లాను. ఇది నేను ఒప్పుకోవలసిన మొదటి తప్పు. దీన్ని పిన్ని మీదకు నెట్టను. ఆ పెద్దావిడ నోట్లోని ఆకూవక్క పక్కకు ఉమ్మి, చెంబులో నీళ్లతో ఒకసారి పుక్కిలించి, నా పైరెప్పను బొటనవేలితో తిప్పి, నాలుక కొనతో కనుగుడ్డంతా తుడిచింది. ఆ వెచ్చదనం, ఆ వక్క వాసన ఇప్పటికీ నాకు రోత పుట్టిస్తాయి. తర్వాత అరచేతిలోకి ఉమ్మి, ఎర్రటి పొట్టు ముక్క చూపించింది. అది నా కంట్లోంచి వచ్చిందో ఆవిడ పళ్ల సందు నుంచి వచ్చిందో నేను ధ్రువీకరించలేను. అందరూ మాత్రం దాన్ని చూసి తృప్తిపడ్డారు.

మంగళవారానికి కన్ను ఎర్రబడి నీరు కారసాగింది. మా వీధి చివర మందుల షాపతను కౌంటర్ అవతలి నుంచే చూసి ఒక సీసా తీశాడు.

"రోజుకి నాలుగుసార్లు ఎయ్యండి మేడమ్, రెండ్రోజుల్లో తెల్లగా అయిపోద్ది. డాక్టర్లు రాసేదీ ఇదే."

అలాగే తెల్లబడింది. దానికే నేను మోసపోయాను. ఎరుపు తగ్గితే జబ్బు తగ్గినట్టేనని నమ్మాను. నాకు అనువాదం గడువు దగ్గరపడుతోంది. ఆ వారం 'యాపిల్ ఆఫ్ మై ఐ' దగ్గర ఒక పూటంతా గడిపాను. ఇంగ్లిష్ వాళ్లు గారాబపు బిడ్డను కంటిలోని యాపిల్ అంటారు. ఇటాలియన్‌లో అది పుపిల్లా, అచ్చం మనం కంటిపాప అన్నట్టే. ఇందులో నా ఇష్టం కొద్దీ పొరపడుతున్నానేమోనని నాలుగో నిఘంటువు కూడా చూశాను. అదే బల్ల మీద, చేతికందే దూరంలో, ఆ చుక్కల పెట్టె ఉంది. దాని మీది అక్షరాలు మాత్రం చదవలేదు.

చుక్కలు మొదలుపెట్టిన ఆరో రోజుకు వెలుతురు చూడలేకపోయాను. అద్దంలో నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లచుక్క కనిపించింది. మావారు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతారు; మర్నాడు సెలవు పెట్టి, స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. కార్నియా చూసే డాక్టర్ నాకంటే చిన్నవారు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ ముందు గడ్డం ఆనించమని చెప్పి, చాలాసేపు చూసి, ఇది ఫంగస్‌లా ఉంది, ఇప్పటివరకు ఏం వేశారని అడిగారు. సీసా ఇచ్చాను. దాన్ని లేబుల్ నావైపు తిప్పి బల్ల మీద పెట్టారు. డెక్సామెథాసోన్ అని స్పష్టంగా ఉంది; ఎరుపుతోపాటు ఒంటి రక్షణశక్తినీ అణిచే స్టెరాయిడ్ అది. ఏం చదువుకున్నారని అడిగారు. చెప్పాను.

"అయితే ఫంగస్ ఉన్నచోట స్టెరాయిడ్ వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు కదండీ" అన్నారు.

మందలించి ఉంటే బాగుండేదనిపించింది. అప్పటిదాకా ఆ పెద్దావిడ మీదా షాపతని మీదా ఉన్న అసహ్యంలో ఎక్కువ భాగం ఆ కుర్చీలోనే నా మీదకు మళ్లింది.

కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, సన్నని బ్లేడుతో గీకి, స్క్రేపింగ్‌ను స్లైడ్ మీద పెట్టారు. నొప్పి లేదు, బ్లేడు దగ్గరకు రావడం కనిపించింది. నేను అడిగితే స్లైడ్ చూడనిచ్చారు. నా కుడి కంట్లో పెరిగినదాన్ని నా ఎడమ కంటితో చూశాను: అడ్డుగోడలున్న సన్నని పోగులు, కొమ్మలు కొమ్మలుగా. చెడిపోయిన మిర్చిలో అలాంటివి ఎన్నో లెక్కపెట్టినదాన్ని. ఇక్కడ లెక్కపెట్టలేదు. లేచి బయటికి వచ్చేశాను. తర్వాత కల్చర్ రిపోర్టులో ఆ ఫంగస్ పేరు ఫ్యుసేరియం అని వచ్చింది.

ఫంగస్‌ను చంపే నాటామైసిన్ చుక్కలు గంటకోసారి. సున్నపునీళ్లలా ఉండే మందు. రెప్పల వెంట తెల్లగా పేరుకుని గట్టిపడుతుంది. మావారు గోడకు గళ్ల కాగితం అంటించి, వేసిన ప్రతి చుక్కకూ టిక్కు పెట్టారు. నాలుగో రోజు చెక్‌అప్‌లో నల్లగుడ్డు వెనక చీము చేరిందని, దాన్ని హైపోపియాన్ అంటారని చెప్పారు. పొర ఇంకా పలచబడి పర్ఫొరేషన్ అయితే, అంటే చిల్లుపడితే, అత్యవసరంగా దాత ఇచ్చిన కార్నియాతో గ్రాఫ్ట్ చేయాలి, కన్ను నిలుస్తుందని మాట ఇవ్వలేనన్నారు డాక్టర్. వొరికొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు కూడా మొదలుపెట్టారు.

పని మానలేదు. పావొలా గడువు పెంచమని రాస్తానంది. నేనే వద్దన్నాను, చీకటి గదిలో చుక్కకూ చుక్కకూ మధ్య ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండాలి కనుక. మావారు ఇంగ్లిష్ చదివితే నేను ఇటాలియన్ చెప్పేదాన్ని. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' దగ్గర ఫోన్‌లో పావొలాతో వాదన జరిగింది. ఇటాలియన్‌లో కియూదెరె ఉన్ ఒక్యో, అంటే ఒక కన్ను మూయడం, ఉంది. కానీ అందులో కాస్త దయ ఉంటుందని, పిల్లవాడి చిన్న తప్పును వదిలేసే తల్లికి సరిపోతుందని పావొలా చెప్పింది. ఇంగ్లిష్ మాటలో తెలిసీ చూడకపోవడం ఉంది. ప్రమాదం తెలిసీ ఊరుకునేవాణ్ణి ఇటాలియన్‌లో అలా అంటే తప్పు తేలికైపోతుంది. సందర్భాన్ని బట్టి మార్చాలని గడిలో రాయించాను. ఈ గడికి ఎన్ని ఆధారాలు అని మావారు అడిగారు. మూడు అన్నాను. ఆయన టిక్కు పెట్టి, పెన్ను మూత పెడుతూ, "మరి ఆ చుక్కలకి ఎన్ని చూశావు?" అన్నారు. ఎగతాళిగా అనలేదు. తర్వాతి మాట చదవమన్నాను.

రెండో వారం పిన్ని దర్శి నుంచి నందివర్ధనం పూలు పట్టుకొచ్చింది, కంట్లో రసం పిండుతానని. నేను ఆ పూలను ఆవలి గదిలో పెట్టించాను. ఆవిడ ముఖం చిన్నబోయింది, అయినా తగ్గలేదు.

"పోనీ దిష్టన్నా తీయనీ. మీ ఇటలీ వాళ్లకి దిష్టుండదా ఏం?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆ మాట మా పట్టికలోనే ఉంది. "ఉంది పిన్నీ. మలోక్యో అంటారు."

"అద్దీ. తెల్లోళ్లకీ తెలిసిందే, నీకే తెలీదు."

రెండు దేశాల్లో ఒకే భయానికి పేరుందంటే భయం ఉన్నట్టు రుజువు, దిష్టి ఉన్నట్టు కాదని చెప్పాను. నీ తలకాయ అని పిన్ని ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకుని నా చుట్టూ తిప్పింది. తిప్పనిచ్చాను, కంటికి తగలనంత దూరంలో తిప్పింది. ఆ వారమే చీము తగ్గడం మొదలైంది. పిన్ని ఆ ఘనత తనదే అంటుంది. వొరికొనజోల్ మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది రోజులు.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. పట్టిక గడువులోపే పంపాం. వెలుతురులోకి వెళ్లగలిగాక రిపోర్టు పట్టుకుని మందుల షాపుకు వెళ్లాను. అతను దాన్ని చదవకుండానే వెనక్కి ఇచ్చాడు.

"ఊరంతా వాడుతున్నారు మేడమ్. మీ ఒక్కళ్లకే ఎందుకైంది?"

నేను నిలబడి ఉండగానే ఒకావిడ చంకలో పాపతో వచ్చి కన్ను ఎర్రబడిందంది. అతని చెయ్యి అదే అరలోకి వెళ్లింది. ఆ పెట్టె అందుకుని, మీద ఏం రాసి ఉందో ఆవిడకు పైకి చదివి చెప్పాను. డాక్టర్‌కు చూపించి వేస్తానని వెళ్లిపోయింది. షాపతను నన్ను ఇంకెప్పుడూ రావద్దన్నాడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను; ఇది రాసే నాటికి జవాబు రాలేదు.

ఇప్పుడు నా కుడి నల్లగుడ్డు మీద మచ్చ ఉంది. ఆ కంటితో చార్టులో పై రెండు వరుసలే చదవగలను. ఎదురుగా వచ్చే బండి లైటు పొగమంచులా పరుచుకుంటుంది. కాఫీ వంచితే కప్పు పక్కన పడుతుంది. గ్రాఫ్ట్ గురించి ఏడాది ఆగి ఆలోచిద్దామన్నారు. అనువాదాలు ఎడమ కంటితో చేస్తున్నాను, గంటకోసారి ఆపి.

చదివేవారికి చెప్పదలిచింది ఒక్కటే. కంట్లో ఏదైనా పడితే శుభ్రమైన నీటితో కడగండి. మర్నాటికీ గుచ్చుకుంటుంటే స్లిట్ ల్యాంప్ ఉన్న డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఆ డాక్టర్ రాయని చుక్క ఒక్కటీ కంట్లో పడనివ్వకండి, అది ఎరుపును ఎంత త్వరగా తగ్గించినా సరే.

జవాబు దొరకని ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ స్టెరాయిడ్ వేసుకోకపోయి ఉంటే నా చూపు దక్కేదా, లేక ఫంగస్ ఒక్కటే ఇంత పనీ చేసేదా? చుక్కలు నష్టాన్ని పెంచాయనే తన అభిప్రాయమని, ఎంత పెంచాయో చెప్పలేనని డాక్టర్ అన్నారు. ఆ మాట నిజాయతీగా ఉంది. తేల్చాలంటే, అదే రోజు అదే ఫంగస్ పడి ఆ చుక్కలు మాత్రం పడని ఇంకో కన్నుతో పోల్చాలి. నాకు మిగిలింది ఎడమ కన్ను ఒక్కటే. దాన్ని పరీక్షకు ఇవ్వను.