చిటికెడు తంబాకు

మా ఇంట్లోకి కుందేలు రావడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే మా తమ్ముడు ఒకరోజు దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని కోరుట్లలో బస్సు దిగాడు. మేనకోడలికి ముద్దుగా తెచ్చాడట. ముద్దు వాళ్లది, పెంటికలు ఎత్తేది నేను. ఆ మాట మొహం మీదే అన్నాను. వాడు నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. మా బిడ్డ ఆ రోజు అన్నం కూడా దాని పక్కనే కూర్చుని తిన్నది.

నాకంటే గట్టిగా వద్దన్నది మా అత్తమ్మ.

"చెవులపిల్లి ఇంట్ల ఉంటదా? ఉంటె అడివిల ఉంటది, లేకుంటె పొయ్యి మీద గంజుల ఉంటది" అన్నది.

ఆమె ఒక మాటన్నదంటే అంతే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అయినా నాలుగు రోజులు తిరక్కముందే, ఎవరూ చూడటం లేదనుకుని కొత్తిమీర కాడలు దాని ముందు పడేస్తుండగా దొరికిపోయింది. నేను ఊరుకుంటానా?

"ఏందత్తమ్మా, గంజుల వేసేటందుకు మేపుతున్నవా?" అన్నాను.

"నీ నోట్ల మన్నువడ" అని నవ్వింది.

అత్తమ్మ బీడీలు చుట్టేది. మా వాడలో బీడీలు చుట్టని ఆడవాళ్లను వెతుక్కోవాలి. పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కత్తిరించిన తునికాకు ఒక పక్క, తంబాకు, అంటే పొగాకు పొడి, ఒక పక్క. చేతులు వాటంతట అవే నడిచేవి. నోరు మాత్రం నా మీద నడిచేది.

అది తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలోకి దిగిన కాలం. బడులు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే తినేవాళ్లు. మా ఆయన రోజూ జెండా పట్టుకుని వెళ్లి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. బడి లేని బిడ్డ, దాని వెనకే కుందేలు, ఇల్లంతా వాళ్లదే రాజ్యం.

ఒక మధ్యాహ్నం కుందేలు నులక మంచం మీదికి ఎగిరింది. ముందుకాలి గోరు నులక సందులో ఇరుక్కుంది. బిడ్డ బెదిరిపోయి దాన్ని ఎత్తబోయింది, అది గుంజుకుంది, గోరు చీలిపోయింది. తెల్లటి బొచ్చు మీద రక్తం కదా, చారెడు పోయినట్టు కనిపించింది. బిడ్డ ఒకటే ఏడుపు. నాకేమో రక్తం చూస్తే చేతులాడవు.

అత్తమ్మ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. కుందేలును ఒళ్లో అదిమిపట్టి, చిటికెడు తంబాకు గోరు మీద అద్ది, బీడీల దారంతో చుట్టి ముడి వేసింది. కత్తెరతో వేలు తెగినా, కొడవలి తగిలినా మా వాడలో తంబాకే మందు. రక్తం ఆగిపోయింది.

"గింతదానికి గంత లొల్లా?" అంటూ వెళ్లి మళ్లీ చాట ముందు కూర్చుంది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. పైకి అనలేదు.

కుందేలు కుంటుకుంటూ మూలకు వెళ్లి, దెబ్బ తగిలిన కాలును నాకడం మొదలుపెట్టింది. అది ఒళ్లు నాక్కోవడం రోజూ చూసేదే కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. కాసేపటికి బిడ్డ పిలిచింది. కుందేలు నోటి నుంచి సొంగ కారుతోంది. ఒళ్లు వణుకుతోంది. గడ్డి పెడితే ముట్టలేదు, తల నేలకు వాల్చేసింది.

"అమ్మా, సచ్చిపోతదా?" అని బిడ్డ అడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోపే అత్తమ్మ వచ్చి వంగింది. దాని మూతికి అంటిన పొడిని వేలితో తీసి చూసుకుంది. ఆమె మొహం అంతగా పాలిపోవడం నేనెన్నడూ చూడలేదు.

"కాలు నాకింది బిడ్డా. తంబాకు మింగింది. నేనే పెట్టిన" అన్నది.

కుందేలును కొంగులో చుట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వాకిలి దాటింది. మేమిద్దరం వెనకాలే పరుగెత్తాం.

పసుల దవాఖానకు తాళం. జగిత్యాల పోదామంటే బస్సు లేదు, ఆటోలను చౌరస్తా దాటనివ్వడం లేదు. "డాక్టరు సారు టెంట్ల కూసున్నడు" అని పక్కనున్న కిరాణా కొట్టు ఆమె చెప్పింది. చౌరస్తాలో ఉద్యోగులు వంతులవారీగా నిరాహార దీక్ష చేస్తున్నారు. ఆ రోజు వంతు పశువుల డాక్టరుది. మెడలో పూలదండతో, నీరసంగా, అందరి మధ్యలో కూర్చుని ఉన్నాడు.

మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. అత్తమ్మ ఆ మాట్లాడే మనిషి ముందునుంచే నడుచుకుంటూ వెళ్లి, కొంగు విప్పి కుందేలును డాక్టరు ముందు పెట్టింది. తంబాకు సంగతి చెప్పింది.

"అవ్వా, నేను సమ్మెల ఉన్న. మందులు ముట్టద్దు" అన్నాడాయన.

"సమ్మె మనందరిది సారూ. నా కొడుకు సుత గీడనే ఉన్నడు. గని, గీ మూగదాని పానం ఆగుతదా? తప్పు జేసింది నేను. దీనికెందుకు శిక్ష?"

మైకు ఆగిపోయింది. జనంలో మా ఆయన తల దించుకున్నాడు. డాక్టరు అటూ ఇటూ చూశాడు. పక్కన కూర్చున్న బడిపంతులు "మేం సూస్తలేం తియ్ సార్" అని మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆయన వెనకే టెంటులో వాళ్లంతా తిప్పుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

డాక్టరు దండ తీసి పక్కన పెట్టాడు. కాలికి కట్టిన దారం తెంపాడు. బిందెలో నీళ్లతో కాలు కడిగి, తడిగుడ్డతో దాని మూతీ నోరూ తుడిచాడు. రొమ్ము మీద వేళ్లు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎక్కువ మింగలే, బతుకుతది. ఎచ్చగ ఉంచుండ్రి. నీళ్లు తాపుండ్రి, లేత గడ్డి ముందల పెట్టుండ్రి. పొద్దుగూకేదాక తినకుంటె మల్ల తీస్కరాండ్రి, నేను ఈడనే ఉంట. గోరు మల్ల వస్తది, కట్టు గట్టద్దు." తర్వాత అత్తమ్మ చేతుల వంక చూశాడు. "నువ్వు మాత్రం ముట్టకు అవ్వా. నీ చేతులకు తంబాకు ఉంటది. గింత చిన్న పానానికి గది సుత ఇసమే."

ఆయన మంచికే చెప్పాడు. అత్తమ్మ చేతులు కొంగులో దాచుకుంది. ఇంటిదాకా కుందేలును నేనే ఎత్తుకొచ్చాను.

వస్తూనే ఆమె చేతులు సబ్బుతో కడుక్కుంది, బూడిదతో తోముకుంది, నిమ్మచెక్కతో రుద్దుకుంది. వాసన చూసుకుని మళ్లీ కడుక్కుంది. ఏళ్లనాటి తంబాకు, సబ్బుకు పోతుందా? బిడ్డ దూదితో చుక్కచుక్కగా నీళ్లు తాపుతుంటే దూరంగా గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. పొద్దు వాలుతుండగా కుందేలు తల ఎత్తి, ఒక గడ్డిపోచ లాక్కుని నమిలింది. బిడ్డ ఎగిరి గంతేసింది. దాన్ని ఇంట్లోకి వద్దన్న నేనే ఏడ్చేశాను.

"బతికిందత్తమ్మా, గిప్పుడన్న దగ్గరికి రా" అన్నాను.

ఆమె రాలేదు. గోడ కిందే కూర్చుని, చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"గింత చిటికెడుకే దానికి గట్లైతె, నా ఒడిల పండుకున్నోళ్లకు ఏమైతుండెనో? రొమ్ము ఇచ్చుకుంట బీడీలు చుట్టిన. చెయ్యి కడిగిన్నా, తుడిసిన్నా? గవే వేళ్లు చీకుతుండ్రి."

"నీ కొడుకుకు ఏమైంది? దున్నపోతు లెక్క ఉన్నడు" అన్నాను, నవ్వించబోయి.

"వాని ముచ్చట గాదు."

అప్పుడు నాకు అర్థమైంది. మా ఆయనకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, కూర్చోవడమైనా నేర్చుకోకముందే పోయిందని పెళ్లయిన కొత్తలో చుట్టాలెవరో చెప్పారు. అత్తమ్మ నోట ఆ పిల్ల మాట నేనెన్నడూ వినలేదు.

"సొంగ గార్సింది. గిట్లనే తల వాల్సింది" అన్నది మెల్లగా. "జరం అన్నరు. నేను సుత గిన్నేండ్లు జరమే అనుకున్న."

"జరమే అత్తమ్మా" అన్నాను.

నాకేం తెలుసు? ఆ పిల్లను నేను చూడనైనా లేదు. డాక్టరును అడిగినా ఇన్నేళ్ల తర్వాత ఆయన మాత్రం ఏం చెప్పగలడు? అయినా ఆమె పక్కన కూర్చుని, తడి ఆరని ఆ చేతులు రెండూ పట్టుకుని, కొట్లాటకు వచ్చినట్టు గట్టిగా అన్నాను.

"జరమే. ఇంకేం గాదు."

ఆమె నమ్మలేదు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక తలూపింది.